ముందర పెట్టే ఫ్యాను

చిక్కబళ్ళాపుర,
ఫిబ్రవరి 9.

అమరన్నకు అక్షత రాసేది,

నువ్వు ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే చూస్తావు, జవాబియ్యవు. పోయిన వారం నేను పనిచేసే కచేరి డ్రైవర్ బాగేపల్లికి వస్తాంటే నీ అంగడికి పోయి రమ్మన్నా. నేత్రక్క బయటికొచ్చి ఆయన ఊర్లో లేడని చెప్పిందంట. లోపల నువ్వు దగ్గేది డ్రైవర్‌కు వినపడిందంట. అందుకే కాగితం మీదికి వచ్చినా. ఉత్తరాన్ని కట్ చేసేదానికి బటన్ ఉండదు కదా, చదవాల్సిందే నువ్వు.

విషయం ఇది. ఋత్విక్ అన్న కారుకు కొత్త ఫ్యాను కావల్ల. రేడియేటర్‌ను చల్లబరిచేదానికి పెడతారే, ఆ కరెంటు ఫ్యాను. ఏది తేవల్లో నువ్వే ఎంచి చెప్పల్ల.

అన్న పోయినాక ఆ కారును పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చి చింతామణిలో మా ఇంటి పక్క షెడ్డులో పెట్టినాం. అప్పటినుంచి ఎవరూ ముట్టుకోలే. లారీ గుద్దింది అన్నను. బండికి గీత గూడా పడలే. నాయన పొద్దున గుడిలో పూజ ముగించుకొని వచ్చి దాని పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. అమ్మ అన్నానికి పిలిస్తే లేస్తాడు, తిని మళ్ళా పోయి కూర్చుంటాడు. ఎర్ర స్పోర్ట్స్ కారు పక్కన పంచె కట్టుకున్న అర్చకుడు. కొత్తగా చూసినోళ్ళకు నవ్వొస్తాదేమో, మాకు రాదు.

నిన్న నన్ను పిలిచి చెప్పినాడు. "వాడు బాగేపల్లికని బయల్దేరి పేరేసంద్ర దగ్గర నిలిచిపోయినాడు. వాడి సంవత్సరీకం లోపల ఈ బండి ఆ దోవంతా పోయి బాగేపల్లి చేరల్ల. సగంలో ఆగిన ప్రయాణం పెట్టుకొని నేను వాడికి పిండం యెట్ల పెట్టేది?" అన్నాడు. బండి నేను తోలతా అన్నా. సరే అన్నాడు. మళ్ళా అది దోవలో కాగకుండా మంచి ఫ్యాను వెయ్యల్ల, ఎవరు పెట్టినారో వాళ్ళే సరిచెయ్యల్ల, వేరే మనిషి వద్దు అన్నాడు.

పదోరోజు అందరి ముందర నాయన నీతో అన్న మాట నేను మరిచిపోలే. "నువ్వు పెట్టిన ఫ్యానే నా కొడుకును తీసుకపోయింది" అన్నాడు. నువ్వు తలకాయ ఎత్తకుండా చెప్పులేసుకొని పోయినావు. ఆ మాట తప్పని నీకు చెప్పేదానికి నాకు చదువు చాలదు. కానీ ఆయనే ఇప్పుడు నీ పేరు ఎత్తినాడు, అది చెప్పల్ల అనిపించింది.

అక్షత

*

బాగేపల్లి,
ఫిబ్రవరి 20.

అక్షతా,

ఉత్తరం చదివినా. చదవకుండా పెడదామని మూడు రోజులు టూల్ డబ్బాలో పడేసినా, చివరకు చదివినా.

మీ నాయన అన్న మాటలో తప్పేముంది? ఆ బండికి మొదట ఇంజనుతోపాటు తిరిగే బెల్టు ఫ్యాను ఉండె. సద్దు చేస్తాది, బలం తింటాది అని తీసేయించింది నేను. కరెంటు ఫ్యాను ఎంచింది నేను. అంగడిలో నా ముందర రెండు ఉండె. ఒకటి పెద్దది, నేరు రెక్కలది, తిరిగితే విమానం మాదిరి అరుస్తాది. ఇంకోటి పలచది, వంపు రెక్కలది, మెత్తగా తిరుగుతాది. "అరిచేది వద్దురా, ఇంజను సద్దు వినపడల్ల నాకు" అన్నాడు మీ అన్న. వాని మాట విని పలచది ఎంచినా. వానికేం తెలుసు, వాడు తోలేవాడు. తెలిసినోణ్ణి నేను, నేను కదా వద్దనల్ల.

అది పెట్టినాక కొన్నాళ్ళు బాగుండె. మళ్ళా కార్తీకంలో ఫోన్ చేసినాడు, వేడి చూపే ముల్లు పైకి పోతాండాది అమరా, ఊరికే కాగుతాండాది అని. నీళ్ళు చూసుకొని తీసుకొని రా, ఈడ చూస్తాం అంటి. వచ్చేటప్పుడే పేరేసంద్ర దగ్గర కాగింది, పక్కకు ఆపి బానెట్ ఎత్తి నిలబడినాడు. మిగతాది నీకు తెలిసిందే. పిలిచింది గూడా నేనే, చూడు.

ఇప్పుడు నేను లారీలకు బల్బులు మారుస్తాండా, ట్రాక్టర్లకు బ్యాటరీలు కడతాండా. రేడియేటర్ పని వస్తే పక్కంగడికి తోసేస్తాండా. నన్ను వదిలెయ్యి. బెంగళూర్‌లో మంచోళ్ళు ఉండారు, వాళ్ళనడుగు.

అమరనాథ్

*

చిక్కబళ్ళాపుర,
మార్చి 3.

అమరన్నా,

సరే, నిన్ను వదిలేస్తి. ఆదివారం ఈడ అంగడికి పోయినా. రెండు ఫ్యాన్లు చూపించినారు. ఒకదాని అట్టపెట్టె మీద మంటలు కక్కే కారు బొమ్మ ఉండాది, చాలా బాగుండాది. అదే తీసుకుందామనుకుంటాండా. ఏది ముందర పెట్టేదో ఏది వెనక పెట్టేదో అంగడాయనకు తెలీదంట, "యాడైనా పెట్టండి మేడమ్, తిరుగుతాది" అన్నాడు. నేనే మా వీధి కరెంటు పనోడితో బిగించుకుంటా. నువ్వు బల్బులు చూసుకో.

అక్షత

*

బాగేపల్లి,
మార్చి 9.

అక్షతా,

ఆ మంటల బొమ్మ ఫ్యాను తెచ్చినావంటే నేనే వచ్చి దాన్ని నీ కచేరి కిటికీలోనుంచి పారేస్తా. నీకు మొదటినుంచీ ఇదే పని, మనిషిని గిల్లి మాట్లాడించేది. మీ అన్న ఒకడు, నువ్వొకదానివి.

విను. ఫ్యాను రెండు విధాలు. ఒకటి రేడియేటర్ వెనక, ఇంజను పక్క పెట్టి గాలిని లోపలికి లాగేది. ఇంకోటి ముందర, బండి మూతికుండే జాలీ పక్క పెట్టి గాలిని తోసేది. వెనక జాగా ఉంటే వెనకే పెట్టల్ల, రెండో మాట లేదు. ముందర పెడితే ఆ ఫ్యాను చట్రమే వచ్చే గాలికి అడ్డం. వెనక జాగా లేనోళ్ళు మాత్రమే ముందర పెడతారు, గతిలేక. అట్టపెట్టె మీద గాలి లెక్కలు రాసుంటారు, అవి నమ్మొద్దు, ఎంత కరెంటు తాగుతాదో చూడు. కరెంటు తాగనిది గాలి తొయ్యదు.

నువ్వు చెయ్యల్సింది ఇది. ముందర జాలీ నాలుగు స్క్రూలు విప్పు. రేడియేటర్ మొహం అడ్డం, నిలువు కొలువు. మళ్ళా బానెట్ ఎత్తి, రేడియేటర్ వెనకనుంచి ఇంజను పుల్లీ దాకా ఎంత జాగా ఉండాదో కొలువు. నాకు గుర్తున్నంతలో బెత్తెడు ఉండాది. ఉంటే ఈసారి రెండు ఫ్యాన్లు జోడుగా వచ్చేది పెడదాం, వెనకంతా మూసే రేకుతో. అరిస్తే అరవనీ.

ఇంకోటి చెప్తా, ఎవరితోనూ చెప్పలే. ఫ్యాను అనేది బండి నిలబడినప్పుడు, సంతలో ఇరుక్కున్నప్పుడు కావల్సింది. హైవేలో పోయేటప్పుడు ఎదురుగాలే చల్లబరుస్తాది, ఫ్యాను చెడిపోయినా బండి నడుస్తాది. అట్లాంటిది వాని బండి హైవేలో యెట్ల కాగింది? ఫ్యాను చిన్నదైతే చింతామణి బస్టాండ్ దగ్గర కాగల్ల, పేరేసంద్ర దగ్గర కాదు. నేను వెనక పెట్టిన ఫ్యానే గాలికి అడ్డమైందా? రేకు తప్పుగా కోసినానా? అన్నం ముందర కూర్చుంటే ఇదే. స్నానానికి పోతే ఇదే. బుర్ర పగిలిపోతాండాది అక్షతా.

అమరనాథ్

*

చింతామణి,
మార్చి 23.

అమరన్నా,

జాలీ విప్పి కొలిచినా. అడ్డం ఇరవైమూడున్నర అంగుళాలు, నిలువు పద్నాలుగు. వెనక జాగా నువ్వు చెప్పినట్ల బెత్తెడు ఉండాది.

ఫ్యాను గురించి తొందరేమీ లేదు. సంవత్సరీకం కార్తీకంలో కదా. నువ్వు వేళకు తిను. ఆ హైవే లెక్క ఊరికే వేసుకోవద్దు.

అక్షత

*

బాగేపల్లి,
ఏప్రిల్ 14.

అక్షతా,

నాలుగు ముక్కలు రాసి పంపినావు. నీ ఉత్తరంలో ఒక ఎకసెక్కం లేదు, నా మీద ఒక విసురు లేదు. కొలతలు తీస్తాంటే నీకు అర్థమైపోయింది కదా? నా రేకు తప్పని కనపడింది నీకు. చెప్పలేక దాస్తాండావు. తినమంటాండావు. చచ్చేవానికి చెప్పినట్ల చెప్తాండావు.

లెక్క వేసుకోవద్దంటే యెట్ల? లెక్క నన్ను వేసుకుంటాండాది. ముప్పైనాలుగేండ్ల మనిషి అక్షతా. ఇంటర్‌లో నా పక్క బెంచీ. నాకు కన్నడ రాకపోతే పరీక్షలో తన పేపర్ ఇంత ఎత్తి పట్టుకొని చూపించినోడు. వాడు రోడ్డు పక్కన నిలబడి, పొగలు కక్కే బానెట్ చూసి, నాకు ఫోన్ కలుపుతాండాడంట అప్పుడు. నా ఫోన్‌లో వాని మిస్డ్ కాల్ ఉండాది. తీసెయ్యలే. నేను అప్పుడు తోటనుంచి తెచ్చిన పొగాకు మూట దించుకుంటాంటి.

ఫ్యాను నువ్వే ఎంచుకో. నాకు చేతులాడవు.

అమరనాథ్

(ఈ ఉత్తరం వెంట అదే కవర్లో, అంగడి బిల్లు వెనక రాసిన చీటీ.)

అక్షతమ్మా, నేను నేత్రను. ఆయన కవర్ అంటించేదానికి నాకిస్తే ఇది పెడతాండా, ఆయనకు తెలీదు. మీ అన్న బండికి పెట్టిన ఫ్యాను మాదిరిదే ఇంకోటి తెప్పించి బల్లమీద పెట్టుకున్నాడు. బ్యాటరీకి తగిలించి, ముందర కర్చీఫు పట్టుకొని, గాలి చూస్తా కూర్చుంటాడు. బేరాలొచ్చినా లేయడు. పోయిన వారం కెంచార్లహళ్ళిలో మా తోటకు పోయింటిమి, పాత బావి గట్టుమీద నిలబడి ఉండె. మా అత్త అక్కయమ్మ పోయి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఏం చేస్తాండావురా అంటే నీళ్ళు చూస్తాండా అన్నాడు. ఆ బావిలో నీళ్ళు లేవమ్మా, ఎన్నో ఏండ్లయింది ఎండిపోయి. నీకు తెలిసింది ఏమైనా ఉంటే చెప్పమ్మా, మంచిదైనా చెడ్డదైనా. తెలీకపోవడమే ఆయన్ను తినేస్తాండాది.

*

చిక్కబళ్ళాపుర,
ఏప్రిల్ 21.

అమరన్నా,

ఈ ఉత్తరం నేత్రక్క ముందర కూర్చొని చదువు. చదివినాక ఏ బావి దగ్గరికీ పోవద్దు.

నీ రేకు తప్పు కాదు. నీ ఫ్యాను తప్పు కాదు. ఆ రోజు జాలీ విప్పితే రేడియేటర్ కనపడలే నాకు. గుడ్డ కనపడింది. పచ్చంచు పట్టువస్త్రం, నాలుగు మడతలు పెట్టి, రేడియేటర్ మొహానికి అడ్డంగా పరిచి, ఆ పక్క ఈ పక్క గట్టిగా ముళ్ళు వేసి ఉండె. గాలికి లోపలికి అతుక్కొని, పురుగులూ దుమ్మూ నూనే కలిసి అట్ట మాదిరి అయిపోయి ఉండె. నేను గోళ్ళతో పెరికి తీసినా. దాని వెనక ఒక్క గాలి పోయే సందు లేదు. హైవేలో ఎందుకు కాగిందో నీకిప్పుడు తెలిసింది కదా.

ఆ వస్త్రం నాకు తెలుసు. మా గుడిలో దేవునికి కట్టి తీసిన శేషవస్త్రం.

ఆ సాయంకాలమే నాయన, నేను ఏమీ అడగకుండానే, తనంతట తాను చెప్పినాడు. ఆయుధపూజ రోజు అన్న బండికి పసుపు పెట్టనియ్యలేదంట, పెయింట్ పోతాది నాయనా అని. అన్న బయటికి పోయినప్పుడు నాయన, ఆ వయసులో నేలమీద మల్లకిల పండుకొని, జాలీ కిందనుంచి చెయ్యి పెట్టి కట్టినాడంట, ఎవరికీ కనపడకుండా. "చూడమ్మా, బండికి గీత పడలేదు. వస్త్రం కట్టినదాన్ని కాపాడింది. వాడు దిగినాడు, దిగి నిలబడినాడు. లోపలే కూర్చొని ఉంటే వాణ్ణి గూడా కాపాడి ఉండును" అన్నాడు. ఆయనకు ఈ ఊహ ఒక్కటే మిగిలింది, అమరన్నా. దాన్ని పట్టుకొని అన్నం తింటాండాడు. "అది ఇంకా ఉండాదా ముందర?" అని అడిగినాడు. లేదు నాయనా, గాలికి పోయుంటాది అన్నా. నా కచేరి బీరువాలో ఫైళ్ళ వెనక ఉండాది ఇప్పుడు.

నీకు చెప్తే నువ్వు బతుకుతావు. ఆయనకు తెలిస్తే ఆయన బతకడు. ఈ రెండింటి నడుమ నెలరోజులు నోరు మూసుకొని కూర్చున్నా. నన్ను తిట్టు, ఫరవాలే.

ఇది అయిపోలేదు. నాయన కొత్త శేషవస్త్రం ఒకటి తెచ్చి పెట్టినాడు. కొత్త ఫ్యాను వేసినాక అదే చోట, అట్లే మడిచి, తానే కడతాడంట. నేను తోలే బండి కదా, నాకేమీ కాకూడదని. వద్దని నేను ఏమని చెప్పేది? గాలికి అడ్డం అని ఒక్క మాట అంటే, మిగతాది ఆయనే అర్థం చేసుకుంటాడు.

అక్షత

*

బాగేపల్లి,
ఏప్రిల్ 29.

అక్షతా,

నేత్ర ముందరే చదివినా. అది ఏడ్చింది, మా అమ్మ ఏడ్చింది. నాకు సంతోషం రావల్ల కదా, రాలే. ఇన్ని నెలలు నా నెత్తిమీద ఉండేది దించినావు. దించి యాడ పెడతావు? ఆ పెద్దాయన నెత్తిమీదనా?

నిన్ను తిట్టేదేముంది. నేనైనా దాచి ఉందును. దాచు. ఆయనకు తెలియకూడదు. మీ ఇంటికి వచ్చినప్పుడంతా నా కంచంలో ముందర వడ్డించమనేవాడు మీ అమ్మతో, పూజ చేసి అలిసిపోయి వచ్చి గూడా. కొడుకుకని కట్టిన గుడ్డ అది. దాన్ని మోసేదానికి ఆయనకు భుజం చాలదు. నాకు ఎట్లాగూ అలవాటైంది, ఇంకొన్నాళ్ళు నేనే మోస్తా. ఫ్యాను చిన్నది సామీ, తప్పు నాదే అని ఆయన ముందర చెప్తా.

ఆ కొత్త వస్త్రం గురించి బాగా ఆలోచన చేసినా. బల్లమీద ఫ్యాను ముందర కూర్చొనే చేసినా. ఒకటే దోవ కనపడింది.

ముందర పెట్టే ఫ్యాను ఎంచినా. తోసేది. రేడియేటర్ మొహానికి ఎదురుగా, జాలీకి ఆనుకొని బిగిస్తాం. గుడ్డ కట్టేదానికి వేలెడు సందు ఉండదు. తిరిగే రెక్కల మీద గుడ్డ కట్టకూడదని చిన్నపిల్లోళ్ళకు గూడా తెలుసు, నువ్వు చెప్పే పని లేదు. వస్త్రం స్టీరింగ్‌కు కట్టుకోమను, ఆడ దేవుడైనా ఉండనీ, గాలికి అడ్డం లేదు.

వెనక బెత్తెడు జాగా పెట్టుకొని ముందర ఫ్యాను పెట్టినానని తెలిస్తే ఈ పని చేసే ప్రతివాడూ నా మొహాన నవ్వుతాడు. నవ్వనీ. రవ్వంత ఎక్కువ కాగుతాది ఎండాకాలంలో, అంతే. గట్టి మోటారుది, కరెంటు బాగా తాగేది చూసినా. ఫ్యూజు, రిలే అన్నీ కొత్తవి వేస్తా. తాళం తీసి ఇంజను ఆపినాక గూడా చల్లబడేదాకా తిరిగేటట్ల కడతా.

ఆగస్టు మొదట్లో వస్తా. మీ నాయన నన్ను గడప ఎక్కనిస్తాడా అడిగి చెప్పు.

అమరనాథ్

*

చిక్కబళ్ళాపుర,
ఆగస్టు 20.

అమరన్నా,

నువ్వు వచ్చి ఫ్యాను బిగించి పోయింది, మేము బాగేపల్లికి వచ్చి మీ ఇంట్లో భోంచేసింది నీకు తెలిసిందే. నువ్వు చూడనివి రాస్తాండా.

నువ్వు బిగించి పోయిన సాయంకాలం నాయన కొత్త వస్త్రం మడిచి చేతిలో పెట్టుకొని బండి ముందర నిలబడినాడు. గొంతుక్కూర్చొని జాలీలోనుంచి చూసినాడు. "జాగా లేదే" అన్నాడు. స్టీరింగ్‌కు కట్టు నాయనా అన్నా. కట్టినాడు గానీ మనసు రాలే ఆయనకు.

పేరేసంద్ర దగ్గర నేను స్పీడు తగ్గించలే. నాయన పక్క సీట్లో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చోనుండె. ఆ చోటు వచ్చినప్పుడు కళ్ళు మూసుకుంటాడేమో అనుకుంటి. మూసుకోలే. రోడ్డు పక్కన పూల అంగళ్ళూ ద్రాక్షపండ్ల బండ్లూ అన్నీ చూసినాడు. దాటినాక "ఆగలేదు కదా" అన్నాడు, అంతే. మీ అంగడి ముందర నువ్వు నిలబడి ఉంటే, ఋత్విక్ అన్న చేరినాడు అనుకున్నానని తర్వాత చెప్పినాడు.

తిరిగొచ్చి షెడ్డులో పెట్టి తాళం తీసేసినా. నువ్వు కట్టినట్లే ఫ్యాను ఇంకా తిరుగుతానే ఉండె. అది నిలిచేదాకా నాయన ఆడే నిలబడినాడు. "ముల్లు సగం దాటి పైన ఉండె కదమ్మా" అన్నాడు. ఎండ నాయనా అన్నా.

అయిపోయింది అనుకుందాం, అమరన్నా. ఇంటికి పోయి నిద్రపో. ఆ బల్లమీది ఫ్యాను ఎవరికైనా ఇచ్చెయ్యి.

అక్షత

*

చింతామణి,
సెప్టెంబర్ 2.

అమరనాథా,

ఆశీర్వాదం అని రాసేదానికి చెయ్యి ఆడక నీ పేరుతోనే మొదలుపెడుతున్నాను.

మన గుడి వీధిలో వర్క్‌షాపు పెట్టుకున్న గంగప్ప నీకు తెలుసు కదా. ముల్లు సగం పైన ఎందుకు నిలుస్తుందో చూడమని పదిరోజుల కింద పిలిపించినాను. నీ పనిలో వంక పెట్టాలని కాదు, అక్షత తోలే బండి అని. వాడు వంగి చూసి నవ్వినాడు. "ఎవరు ఎంచినారు సామీ ఈ ఫ్యాను? వెనక ఇంత జాగా పెట్టుకొని ముందర బిగించినాడు. ముందర ఏది పెట్టినా వచ్చే గాలికి అడ్డం కదా" అన్నాడు. పెట్టిన అబ్బాయి పని తెలిసినవాడే అన్నాను. "తెలిసినోడైతే ఇట్ల పెట్టేదానికి ఏదో కారణం ఉంటాది సామీ" అని చెప్పి వెళ్ళిపోయినాడు.

ఇన్ని నెలలు నేను బండి పక్కన కూర్చున్నాను. ఆరోజు కుర్చీ జరుపుకొని ముందర కూర్చున్నాను. తెలిసినవాడు తెలిసి తెలిసి ఎందుకు ముందర పెడతాడు అని ఆలోచించినాను. ముందర ఏముండేది అని ఆలోచించినాను. సందులున్న ఫ్యానే అడ్డమైతే, నాలుగు మడతల పట్టు ఏమవుతుంది అని ఆలోచించినాను. నాకు మోటారు విద్య రాదు నాయనా. కానీ హారతి వెలిగించేటప్పుడు తెర వేస్తే గాలి ఆడదని నాకు తెలియదా? ఆ తెర నలభై ఏండ్లుగా వేస్తున్నది నేనే కదా.

వస్త్రం గాలికి పోయుంటుందని అక్షత చెప్పింది. నేను దేవుడికి అలంకారం చేసిన చేతులతో వేసిన ముడి అది. గాలికి పోదు. సాయంకాలం అక్షత వస్తే, అది యాడ దాచినావమ్మా అని అడిగినాను. ఏడ్చింది. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది.

నువ్వు నా ఇంటికి వచ్చి, నా కళ్ళలోకి చూసి, ఫ్యాను చిన్నది సామీ, తప్పు నాదే అన్నావు. నేను నీకు కాఫీ ఇచ్చి, పోనీలే నాయనా అన్నాను. నేను నిన్ను క్షమించినాను, అమరనాథా. నేను, నిన్ను.

నేను వాణ్ణి కాపాడాలని కట్టినాను. నువ్వు నన్ను కాపాడాలని ఆ ఫ్యాను పెట్టినావు. నీ మీద కోపం లేదు. అక్షత మీద లేదు. లారీవాడి మీద గూడా ఇప్పుడు లేదు. పోయిన వారం నుంచి గుడికి పోవడం లేదు. మన రెండో అర్చకుడు నారాయణస్వామి కొడుకు పూజ చేస్తున్నాడు. నాకు గర్భగుడిలో నిలబడి దేవుడికి వస్త్రం కట్టబోతే ముడి పడటం లేదు. సంవత్సరీకం నాడు వాడికి పిండం ఏ చేతులతో పెట్టాలో నాకు తెలియడం లేదు.

పదోరోజు పదిమంది ముందర నీతో ఒక మాట అన్నాను. ఆ మాట నీది కాదు, నాది. నా ఇంటికి చేరాల్సిన మాట ఇన్ని నెలలు నీ ఇంట్లో ఉండిపోయింది. దాన్ని నాకు ఇచ్చెయ్యి నాయనా.

ఎండాకాలం లోపల వీలు చూసుకొని వచ్చి ఆ ఫ్యాను విప్పి, వెనక, నీకు తెలిసిన చోట పెట్టు. అక్షత ఇంక ఆ బండిలోనే తిరిగే పిల్ల, అది కాగకూడదు. ముందర ఇంక ఏమీ కట్టేవాడు లేడు.

కేశవమూర్తి